బారెడు పొద్దుండగానే

తుమ్మలపల్లె పేరులోనే ముళ్లున్నాయి. పులివెందుల దగ్గర వేముల మండలంలో ఉన్న ఈ ఊరి పేరు చెప్పగానే ఇప్పుడు అందరికీ 2012లో మొదలైన యురేనియం గని గుర్తొస్తుంది. నాకు మాత్రం ఒక జత టైరు చెప్పులు గుర్తొస్తాయి. వాటిని తొడుక్కుని ఊరికి దక్షిణాన సాగే గుట్టల వరుసలోకి పొద్దున పోయి సాయంత్రానికి మందతో తిరిగొచ్చే ఒక పెద్దాయన గుర్తొస్తాడు. ఆయన వయసు అరవై దాటింది. పదేళ్ల పిల్లాడప్పటి నుంచీ జీవాలు కాస్తున్నాడు. పట్నాల్లో కుర్రవాళ్లు సెలవు రోజున డబ్బు కట్టి నేర్చుకుంటున్న డే హైకింగ్ ఆయనకు రోజువారీ బతుకు. మగ్గం ముందు కూర్చుని నేతగాడి చేతులు చూసినట్టు, ఆయన కాళ్లను చూస్తూ రెండు చలికాలాలు వెంట తిరిగాను. కొండ నడకలో అంత పనితనం ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు.

చెప్పులతోనే మొదలుపెడతాను. అడుగు లారీ టైరు ముక్క. టైరు లోపల దారపు పొరలు అడ్డంగా పడి ఉంటాయి కాబట్టి తుమ్మముల్లు దిగినా సగంలో ఆగిపోతుంది. పట్టీలు కూడా టైరులోవే, పలచగా చీల్చినవి. వాటిని బిగించిన చీలల తలలు రబ్బరులోకి బాగా దిగబడి ఉన్నాయి. బండ మీద ఇనుము ఆనితే కాలు జారుతుంది, అందుకని కుట్టినవాడు ఒక్కో చీలనూ లోతుగా కొట్టాడు. పాదం మీది అడ్డపట్టీ దిగుడులో కాలు ముందుకు తోసుకుపోకుండా ఆపుతుంది. మడమ వెనక పట్టీ ఎక్కుడులో చెప్పు ఊడకుండా పట్టుకుంటుంది. వేళ్ల కొసలు చెప్పు అంచుకు అరంగుళం ఇవతలే ఉంటాయి, ఎదురురాయి తగిలినా దెబ్బ ముందు రబ్బరుకే.

బయలుదేరే ముందు ఆయన రోజూ చేసే పని ఒకటుంది. చెప్పును తిరగేసి అరచేత్తో అడుగంతా తడుముతాడు. విరిగి మిగిలిన ముల్లు మొన తగిలితే మొలతాటికి కట్టుకున్న చిన్న చిమటాతో లాగేస్తాడు. చీల కదిలిందేమోనని ఒక్కోదాన్ని బొటనవేలితో నొక్కి చూస్తాడు. నిమిషం కూడా పట్టదు. ఎన్ని వందల కొండ ప్రమాదాలు తెగిన పట్టీతో, ఊడిన అడుగుతో మొదలవుతాయో తలుచుకుంటే ఆ నిమిషం విలువ తెలుస్తుంది.

పట్నంవాళ్లు టైరు చెప్పులతో కొండెక్కాలని నేను చెప్పను. యాభై ఏళ్లు రాళ్ల మీద గట్టిపడిన పాదాలు ఆయనవి, మనవి కావు. అడుగు గరుకుగా, మందంగా ఉన్న బూట్లే మనకు మేలు. కానీ ఆ చెప్పుల్లో ఉన్న ఆలోచన మన బూట్లకూ పనికొస్తుంది. ముల్లు దిగని అడుగు, వేళ్లకు ముందు కాస్త జాగా, ఇప్పటికే కాలికి అలవాటైన తోలు. బూట్లు కొనేది సాయంత్రం పూట అయితే మంచిది. నడిచి నడిచి పాదం పొంగుతుంది, పొద్దున సరిపోయిన బూటు మధ్యాహ్నానికి కొరుకుతుంది. కొత్త జతను తెచ్చి నేరుగా కొండ మీదికి తీసుకుపోకుండా పది రోజులు ఊళ్లో తిప్పాలి.

మొదటి రోజు నన్ను ఆయన అడిగిన మొదటి మాట నీళ్ల గురించే.

"నీల్లు ఎన్ని పెట్టుకున్యావు అబ్బీ?"

లీటరు సీసా చూపించాను. ఏమీ అనకుండా లోపలికి పోయి ఇంకో రెండు సీసాలు నింపుకొచ్చి నా సంచిలో పెట్టాడు. చలికాలంలో కూడా రోజంతా ఎండలో నడిచే మనిషికి గంటకు అర లీటరు తక్కువ కాదు, ఎండ ముదిరితే దానికి రెట్టింపు. ఆరు గంటల నడకకు మూడు నుంచి నాలుగు లీటర్లు. ఈ లెక్క ఇప్పటి వైద్యులూ చెబుతారు, ఆయన మాత్రం సీసాల్లో చెబుతాడు. ఆయన సీసాలు పాత కూల్‌డ్రింకువి, చుట్టూ గోనెపట్టా చుట్టి దబ్బనంతో కుట్టినవి. పొద్దున ఆ పట్టాను తడుపుతాడు. గాలికి తడి ఆరుతూ లోపలి వేడిని లాక్కుంటుంది, పన్నెండు గంటలకు కూడా నీళ్లు కుండలో ఉన్నట్టే ఉంటాయి. వాళ్ల నాయన కాలంలో ఎండబెట్టిన సొరకాయ బుర్ర ఉండేదట. బుర్ర పోయింది, చల్లబరిచే ఉపాయం గోనెపట్టాగా మారి మిగిలింది.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది రెండో సీసా అడుగున మిగిలే నీళ్లు. ఒక పావు భాగం ఆయన దారిలో తాగడు. ఎందుకని అడిగితే, "దాన్ని ఇంటికొచ్చినాకే ముట్టేది" అన్నాడు. కాలు బెణికి ఎక్కడో కూర్చుండిపోయినా, దారి తప్పి ఒక కోన ఎక్కువ తిరిగినా, ఆ పావే ఆ పూటను దాటిస్తుంది. ఏ దొనలో నీళ్లు మాఘమాసం దాకా నిలుస్తాయో, ఏ వంక ఇసుకలో మూరెడు లోతున చెలిమ తవ్వొచ్చో ఆయనకు కంఠతా వచ్చు. అయినా వాటిని లెక్కలో కలుపుకోడు. కొత్తవాళ్లు అసలే కలుపుకోకూడదు. దొన ఎండిపోయి ఉండొచ్చు, ఉన్న నీళ్లలో జీవాలు దిగి ఉండొచ్చు, కాచుకోకుండా తాగితే కడుపు చెడుతుంది.

నీళ్లతోపాటు ఉప్పు. సద్దిగుడ్డలో రాగిసంగటి ముద్ద, ఊరిబిండి, ఒక ఉల్లిగడ్డ, ఒక డబ్బాలో ఉప్పేసిన పలచటి మజ్జిగ. చెమటలో ఉప్పు పోతూ ఉంటే వట్టి నీళ్లే తాగడం వల్ల ఒంట్లో ఉప్పు పలచనై తల తిరగడం, వాంతులు వస్తాయి. లీటర్ల కొద్దీ తాగి కూడా పడిపోయేవాళ్లు ఉండేది అందుకే. ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు జేబులో ఉంటే చాలు, మజ్జిగ చేసే పని అవీ చేస్తాయి. తోడు వచ్చినవాడు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోసి విసరాలి, 108కి ఫోను చేయాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆయన జీవాలను తెల్లవారకముందే తోలి తొమ్మిదిన్నరకు నీడకు చేరుస్తాడు. మనం ఆ రెండు నెలలూ కొండ జోలికి పోకపోవడమే మంచిది. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఈ నేల నడకకు మెత్తగా ఉంటుంది.

ఇక పొద్దు. తెలుగులో పొద్దును కొలవడానికి ఒళ్లే కొలబద్ద: జానెడు పొద్దు, మూరెడు పొద్దు, బారెడు పొద్దు. "బారెడు పొద్దుండంగనే పొలిమేర తొక్కాల" అనేది ఆయన నియమం. ఈ మాటలో ఎంత లెక్క దాగుందో నేను తరువాత కాగితం మీద వేసుకుని చూశాను. చేయి చాచి, అరచేతిని అడ్డంగా పొద్దుకూ నేలకూ మధ్య పెడితే ఎన్ని వేళ్లు పడతాయో అన్ని పావుగంటల వెలుగు మిగిలి ఉందని చాలామంది హైకింగ్ గురువులు నేర్పుతారు. పొద్దు ఏటవాలుగా వాలే ఉత్తరపు దేశాల్లో అది సరిపోతుంది. కడప పద్నాలుగున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఇక్కడ పొద్దు దాదాపు నిట్టనిలువుగా, గంటకు 14 డిగ్రీల చొప్పున దిగుతుంది. చాచిన చేతి వేలి వెడల్పు సుమారు రెండు డిగ్రీలు. అంటే మన దగ్గర వేలికి ఎనిమిది, తొమ్మిది నిమిషాలే. నాలుగు వేళ్ల పొద్దుంటే గంట ఉందనుకున్నవాడికి నిజంగా మిగిలింది అరగంట. పొద్దు కుంకాక మసక వెలుగు కూడా ఇక్కడ ఎక్కువసేపు నిలవదు. ఇరవై, పాతిక నిమిషాల్లో కాలికింద రాయి కనబడదు. పడమట ఇంకో గుట్ట అడ్డం ఉంటే కోనలో చీకటి అంతకంటే ముందే పడుతుంది.

ఈ లెక్క తెలియక నేను ఒకసారి, వేరే కొండ మీద, శిఖరం ఇంకో పది నిమిషాలే కదా అని పైకి పోయి ఫోను లైటుతో దిగాను. సగం దిగేసరికి ఫోను ఆరిపోయింది. మిగిలిన సగం కూర్చుని, చేతులతో రాళ్లు తడుముకుంటూ దిగాను. అప్పటి నుంచి నా సంచిలో విడిగా ఒక టార్చి, దానికి కొత్త బ్యాటరీలు ఉంటాయి.

ఎంతసేపు పడుతుందో ముందే అంచనా వేసుకోవడానికి 1892లో స్కాట్లాండు కొండల మనిషి విలియం నైస్మిత్ ఒక సూత్రం చెప్పాడు. మన కొలతల్లోకి మార్చితే సుమారుగా ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి ఆరు వందల మీటర్లకు ఇంకో గంట. ఎనిమిది కిలోమీటర్ల దారి, మూడు వందల మీటర్ల ఎక్కుడు అయితే రెండు గంటల పైచిలుకు. అది చల్లని దేశపు గట్టి నడకగాడి లెక్క. మన ఎండకూ కొత్త కాళ్లకూ దాన్ని రెట్టింపు చేసి, భోజనానికి ఒక గంట కలపాలి. అలా చూస్తే పొద్దున ఆరున్నరకు బయలుదేరితేనే ఆ దారి ఇబ్బంది లేకుండా పూర్తవుతుంది. సగం సమయం అయిపోగానే, ఎక్కడున్నా సరే, వెనక్కి తిరగాలి. "కొండ యాడికి పోతాది? రేపొద్దామంటే ఈడనే ఉంటాది" అని ఆయన ఎన్నిసార్లు మందను మళ్లించాడో.

ఆయన నడక చూస్తే మొదట మందకొడిగా అనిపిస్తుంది. గంట గడిచాక తెలుస్తుంది, ఆయన వేగం ఎక్కుడులో ఎంతో చదునులోనూ అంతే. మాట్లాడుతూ నడవగలిగినంత, బీడీ మానేసిన మనిషికి ఆయాసం రానంత. ఆగినా కూర్చోడు. కట్టె మీద బరువంతా ఆనించి, ఒక పాదాన్ని రెండో మోకాలికి ఆనించి కాసేపు నిలబడతాడు. గుట్టల్లో ఆ నిలుపు చూడనివాళ్లు ఉండరు. కాళ్లు చల్లబడి బిగుసుకుపోకముందే మళ్లీ కదులుతాడు.

ఇక్కడి గుట్టలు ఒకవైపు మెల్లగా వాలి, ఇంకోవైపు నిలువుగా తెగి ఉంటాయి. ఊరివైపు వాలు పలకలు పలకలుగా పరిచిన బండ, అవతలివైపు దరి. కొత్తవాడికి ఎక్కడం తేలిక, శిఖరం అంచు దాకా పోయాక ఉన్నట్టుండి కింద ఏమీ ఉండదు. ఫొటోల కోసం ఆ అంచున నిలబడేవాళ్లను చూస్తే నాకు గుండె జారుతుంది. బండ మీద ఆయన అడుగు మొత్తం ఆనిస్తాడు, వేళ్ల మీద నడవడు. దిగేటప్పుడు మోకాళ్లు కొంచెం వంచి, వాలుకు అడ్డంగా, వంకరటింకరగా దిగుతాడు. బండ కంటే బండ మీది కంకరకే ఆయన ఎక్కువ భయపడతాడు. గుల్లరాళ్లున్న చోట ముందు కట్టె పొడిచి చూసి, ఆ తరువాతే కాలు వేస్తాడు. వెనక వచ్చేవాళ్లను తన కాలి నేరుగా కింద నడవనివ్వడు, జారిన రాయి ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు. ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ కూడా తొలి పాఠాలు నేర్చుకుంది మన భువనగిరి బండ మీదే. ఆమె 2014 మే 25న శిఖరం మీద నిలబడేనాటికి పదమూడేళ్ల పిల్ల.

పోతూ పోతూ ఆయన వెనక్కి తిరిగి చూస్తాడు. ప్రయాణంలో వెనక్కి చూడకూడదని మన పెద్దలంటారు, ఈయన మాత్రం ప్రతి మలుపులోనూ ఆగి చూస్తాడు. తిరుగు ప్రయాణంలో కనబడేది దారికి ఆ ముఖమే. వచ్చేటప్పుడు ఎడమన ఉన్న రేగుచెట్టు, పోయేటప్పుడు కుడిన, వేరే ఆకారంలో ఉంటుంది. రెండు బాటలు చీలిన చోట రాయి మీద రాయి పెట్టి, చిన్న రాయి మొన వచ్చిన దారి వైపు తిప్పుతాడు. తిరిగొచ్చేటప్పుడు కట్టెతో దాన్ని పడగొట్టేస్తాడు, ఇంకొకరిని తప్పుదారి పట్టించకూడదని. ఆ పడగొట్టడంలో ఉన్న మర్యాదకు నేను ముగ్ధుణ్ణయ్యాను.

భుజాన మడిచి వేసుకున్న గొంగడి గురించి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. నల్లగొర్రె బొచ్చు వడికి కురవలు నేసినది. నేశాక చింతగింజల గంజి పట్టిస్తారు, పోగులు బిగుసుకుని గొంగడి అట్టలా నిలుస్తుంది. వేళ్ల మధ్య నలిపితే గరుకు, ముఖానికి దగ్గరగా తెస్తే గొర్రె వాసన. వాన మొదలైతే నిలువుగా మడిచి ఒక మూలను తల మీదికి తొడిగి కొప్పెర వేసుకుంటాడు. చినుకు బొచ్చు కొసల మీద పూసల్లా నిలిచి దొర్లిపోతుంది. కొంత తడిసినా ఉన్ని వెచ్చదనం పోదు, నూలు బట్టకు ఆ గుణం లేదు. అమెరికాలో సియాటిల్ పర్వతారోహకుల సంఘం ఒకటి, 1906లో పుట్టింది, కొండకు పోయే ప్రతివాళ్ల దగ్గర తప్పక ఉండాల్సిన పది వస్తువుల జాబితా తయారుచేసింది. ఇప్పటికీ ప్రపంచమంతా దాన్నే నేర్పుతారు. దారి చూపే సాధనం, వెలుగు, నిప్పు, కత్తి, మందులు, ఎండ కాపు, అదనపు బట్ట, గుడారం, తిండి, నీళ్లు. ఆ జాబితా పట్టుకుని ఆయన మూట విప్పించాను. ఎండకు కాపు, అదనపు బట్ట, గుడారం, మూడు చోట్లా గొంగడే వచ్చింది. అగ్గిపెట్టెను ప్లాస్టిక్ కవరులో చుట్టి తలగుడ్డ మడతలో దోపుకున్నాడు. మందుల సంచి ఒక్కటే లేదు. నా దగ్గరున్న కట్టుగుడ్డలు, దూది, అయోడిన్ సీసా అక్కడే వదిలి వచ్చాను.

పాముల విషయంలో ఆయన కట్టె చాలావరకు పని చేసేస్తుంది. బోదలోకి అడుగుపెట్టే ముందు రెండుసార్లు నేల మీద కొడతాడు, అదురు తెలిసి పాము తప్పుకుంటుంది. చిన్నపింజరి మాత్రం కదలకుండా పడి ఉండి, పొలుసులు రాచుకుంటూ రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు వినబడితే అడుగు అక్కడే ఆపాలి. చేయి పెట్టబోయే సందులోకి ముందు చూపు పెట్టాలి, కూర్చోబోయే రాయిని ముందు కట్టెతో తట్టాలి. కాటు పడితే కట్లు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం అన్నీ చేటే. కాలిని కదలనివ్వకుండా బద్దకట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని ఆసుపత్రికి చేర్చాలి. నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకే విరుగుడు సూది మన దేశంలో ఉంది.

కొండచరియకు పెరతేనె వేలాడుతుంటే కింద పొగ, అరుపు, అత్తరు వాసన పనికిరావు. సీతాఫలాలు మాగే రోజుల్లో ఎలుగుబంటి ఉంటుంది, మాట్లాడుతూ పోతే అదే పక్కకు పోతుంది. 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో చిరుత పసిపిల్లను చంపాక దేవస్థానం నడిచేవాళ్లకు చేతికర్రలు పంచింది, పిల్లలతో నడిచే వేళలు కుదించింది. ఉరుములు మొదలైతే శిఖరం, ఒంటరి చెట్టు రెండూ వదిలేసి పల్లానికి దిగాలి.

వంక గురించి మాత్రం ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. ఇక్కడ ఏడాదిలో పదకొండు నెలలు వంక అంటే ఇసుక. నడవడానికి హాయి, పడుకోవడానికి మెత్తన. మబ్బు పట్టిన రోజున ఆయన వంకలో సద్ది విప్పడు, మందను ఆగనివ్వడు. మన నెత్తిన చినుకు లేకపోయినా ఎగువ కోనల్లో కురిసిన వాన బండల మీద ఇంకకుండా నేరుగా దిగి వస్తుంది. 2021 నవంబరు 19న అప్పటి ఉమ్మడి కడప జిల్లాలో చెయ్యేరు అలా పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్టను తెంచుకుని దిగువ ఊళ్లను ముంచెత్తింది. మోకాలు లోతు పారుడు నీటిలో పెద్దమనిషి కూడా నిలవలేడు. దాటలేకపోతే ఇవతలి గట్టునే రాత్రంతా కూర్చోవాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే అలిపిరి అంటాను. 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్ల దారి. నీడ, నీళ్లు, మనుషులు దారి పొడుగునా ఉంటారు, నడుమ చదును కూడా ఉంది. శ్రీవారిమెట్టు 2,388 మెట్లే అయినా దారి రెండు కిలోమీటర్ల పైచిలుకే కాబట్టి ఎక్కుడు నిలువు. తరువాత గండికోట, పెన్నా కోసిన లోయ అంచున చలికాలపు పొద్దున. తరువాత పాపాఘ్ని కొండను చీల్చుకుని వచ్చే గండి. కాళ్లు కుదిరాక మహాశివరాత్రి రోజుల్లో, జనంతో కలిసి, వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం దారి. ఆ క్షేత్రానికి మెట్లు కట్టించిన రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డిని ఆ రాళ్ల మీద ఊపిరి తీసుకుంటూ తలుచుకోవచ్చు. ఇక శేషాచలం, లంకమల, నల్లమల అడవుల్లోకి అటవీశాఖ అనుమతి, వాళ్లు పంపే మనిషి లేకుండా అడుగుపెట్టకూడదు. ఎర్రచందనం ఉన్న నేల, దొంగ ఎవరో యాత్రికుడు ఎవరో చీకట్లో తెలియదు. తుమ్మలపల్లెలోనూ గని ప్రాంతానికి దూరంగానే నడవాలి.

బయలుదేరేటప్పుడు ఆయన కోడలికి ఒక మాట చెప్పి వస్తాడు: ఏ కోనకు పోతున్నాడో, ఏ వైపు నుంచి దిగుతాడో. కోనల్లో ఫోనుకు సిగ్నల్ అందదు. దీపాలు పెట్టే వేళకు మంద గంటల చప్పుడు వినబడకపోతే ఎక్కడ వెతకాలో ఆ పిల్లకు తెలుసు.

నేను వెంట పోయిన చివరి రోజున మంద పొలిమేర తొక్కేసరికి పొద్దు ఇంకా బారెడుంది. దొడ్డి గడప దాటించి, ఒక్కొక్క జీవాన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి, గేటు తాడు బిగించాడు. చెప్పులు విడిచి, తిరగేసి, అరచేత్తో తడిమి గోడకు ఆనించాడు. ఆ తరువాత గోనెపట్టా సీసా మూత తీసి రెండు గుక్కలు తాగి, మిగిలిన నీళ్లు పొద్దున్నే ఈనిన జీవానికి తొట్టిలో పోశాడు.